ఫోను బిల్లు మనది, ఫోను ఎత్తేదెవరు?

(పలాసలో విద్యార్థులు, ఉద్యోగులతో జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



ముందు మీ అందరికీ ఒక చిన్న పని చెప్తాను. జేబుల్లో ఫోన్లు తీయండి. మీ ఎమ్మెల్యే నంబరు ఎంతమంది దగ్గరుందో చూసుకోండి. ఉన్నవాళ్లు చేతులెత్తండి. పదిమందికి మించి లేరు. సరే, ఆ పదిమందిలో ఆ నంబరుకు ఫోను చేసి ఎమ్మెల్యే గొంతు విన్నవాళ్లెందరు? ఇద్దరు. అందులో ఒకాయన ఆయనకు చుట్టమట! (నవ్వులు)

నవ్వుకున్నాం, బాగుంది. కానీ ఆ ఫోను ఖర్చు ఎవరు కడుతున్నారు? ఈ హాల్లో కూర్చున్న మనమందరం కడుతున్నాం. జీడిపప్పు బట్టీలో పిక్కలు ఒలిచే తల్లి కడుతోంది. నువ్వలరేవులో వల కుట్టుకునే మత్స్యకారుడు కడుతున్నాడు. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా పన్ను కట్టని మనిషి ఈ దేశంలో లేడు. ఆ పన్నులోంచే ప్రజాప్రతినిధుల జీతాలు, భత్యాలు, ఫోన్లు. అందుకని ఈ రోజు నేను మాట్లాడేది ఆ ఒక్క ఫోను గురించే. పెద్ద పెద్ద కుంభకోణాలుండగా ఈ ఫోను గొడవేమిటని కొందరు అనుకోవచ్చు. చివరిదాకా వినండి, తర్వాత చెప్పండి.

ట్రంకు కాల్ రోజులు

నేను టెలిఫోన్ శాఖలో ఆపరేటరుగా చేరింది 1979లో. అప్పటికి పలాస నుంచి హైదరాబాదు మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసుకోవాలి. ఆర్డినరీ బుక్ చేస్తే ఎప్పటికి తగులుతుందో దేవుడికెరుక. తొందరగా కావాలంటే అర్జెంటు, ఇంకా తొందరైతే లైట్నింగ్. మెట్టు పెరిగేకొద్దీ రేటు పెరిగేది. ఇంకోటి ఉండేది, పి.పి. కాల్ అని. ఫలానా మనిషే లైన్లోకి రావాలని ముందే చెప్పి బుక్ చేసుకోవడం. ఆ మనిషి లేకపోతే పూర్తి చార్జీ పడేది కాదు, చిన్న ఫీజుతో పోయేది. ఈ పి.పి. కాల్ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

అప్పట్లో రాజధాని మనకు దాదాపు 800 కిలోమీటర్లు. రైలెక్కితే ఒక రాత్రంతా ప్రయాణం. ఉద్దానం రైతుకు కొబ్బరి తెగులు వచ్చినా, జీడితోట మునిగినా, బడికి మాస్టారు లేకపోయినా హైదరాబాదు వెళ్లి చెప్పుకునే తాహతు ఎక్కడిది? ఆయన తరఫున వెళ్లేవాడు ఎమ్మెల్యే. ఆ ఎమ్మెల్యేకు కబురందించే దారి ఆ నల్ల ఫోను. ఈ రోజు రాజధాని కాస్త దగ్గరకొచ్చింది, అయినా పలాస నుంచి 500 కిలోమీటర్ల పైమాటే. మనలాంటి మూల ప్రాంతానికి ప్రజాప్రతినిధి ఫోను అలంకారం కాదు. రాజధానికీ మనకూ మధ్యనున్న తాడు అది.

అందుకే ప్రభుత్వం ప్రజాప్రతినిధికి ఫోను ఇవ్వడం తప్పని నేను ఒక్కనాడూ అనలేదు. పలాస, టెక్కలి నియోజకవర్గాల్లో ఒక్కో దాంట్లో రెండు లక్షలకు పైగా ఓటర్లున్నారు. ఇంతమందికి ప్రతినిధిగా ఉన్నవాడు సొంత జేబులోంచి ఫోను బిల్లు కట్టుకోవాలంటే డబ్బున్నవాడే ఎమ్మెల్యే అవుతాడు. పేదవాడు, కూలివాడి కొడుకు, బడిపంతులు కూడా గెలిచి పని చేయగలగాలంటే ఖర్చు ప్రజలే భరించాలి. ఆ సూత్రం మంచిది. ఫోను ఇవ్వడం మీద నాకు తగువు లేదు, లెక్క లేకుండా ఇవ్వడం మీదనే.

రోజుకు 411 కాల్స్

చట్టం ఏమిచ్చిందో చూద్దాం. పార్లమెంటు సభ్యుల జీతాలు, భత్యాలు, పెన్షన్లకు 1954లో ఒక చట్టం చేశారు. దాని కింద ఇళ్లు, ఫోన్ల కోసం 1956లో నిబంధనలు వచ్చాయి. ఈ నిబంధనలు చేసేదెవరనుకున్నారు? ఉభయ సభల సభ్యులతో వేసిన సంయుక్త కమిటీ. రాజ్యాంగం 106వ అధికరణం ఎంపీల జీతభత్యాలను పార్లమెంటే నిర్ణయించుకోవచ్చంది. 195వ అధికరణం ఎమ్మెల్యేల విషయంలో అదే హక్కు శాసనసభకిచ్చింది. అంటే తీసుకునేవాడే ఎంత తీసుకోవాలో రాసుకుంటాడు. ఇక్కడ ఉద్యోగ సోదరులున్నారు. మన పీఆర్సీ మనమే రాసుకునే అవకాశం వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి! (నవ్వులు)

ల్యాండ్‌లైన్ రోజుల్లో ఆ నిబంధనలు పెరుగుతూ పెరుగుతూ వచ్చి ఎంపీకి మూడు ఫోన్లు ఇచ్చాయి. ఢిల్లీలో ఒకటి, సొంత ఊళ్లో ఒకటి, ఇంటర్నెట్ కోసం ఒకటి. ఒక్కో ఫోనుకు ఏడాదికి 50,000 ఉచిత కాల్స్, మొత్తం 1,50,000. ఆ మీద సెల్‌ఫోన్లు.

నేను మీటర్లు చూసిన మనిషిని, కనుక లెక్క వేస్తాను. 1,50,000ను 365తో భాగించండి. రోజుకు 411 కాల్స్. లోకల్ కాల్ అంటే మూడు నిమిషాల యూనిట్. 411ని మూడుతో గుణించండి, 1,233 నిమిషాలు. అంటే ఇరవై గంటల పైచిలుకు. తిండి, నిద్ర, పార్లమెంటు అన్నీ మానేసి మాట్లాడినా అవి అయిపోవు. దూరపు కాల్ అయితే మీటరు గబగబా తిరిగి ఒక్క కాల్‌కే బోలెడు యూనిట్లు పోయేవి, ఆ మాట నిజమే. ఢిల్లీ నుంచి శ్రీకాకుళం మాట్లాడితే యూనిట్లు నీళ్లలా పోయేవి. కనుక ఆ రోజుల్లో ఎక్కువ ఇవ్వడానికి ఒక కారణం ఉంది.

ఇదే లెక్క తిరగేసి చూడండి. శ్రీకాకుళం పార్లమెంటు నియోజకవర్గంలో పదిహేను లక్షలకు పైగా ఓటర్లున్నారు. 1,50,000 కాల్స్ అంటే పదిమంది ఓటర్లకు ఏడాదికి ఒక్క కాల్ చొప్పున. అలా చూస్తే అది ఎక్కువేమీ కాదు! ఒకవైపు నుంచి చూస్తే దుబారా, మరోవైపు నుంచి చూస్తే చాలీచాలని ఏర్పాటు. తేడా ఎక్కడుంది? ఆ కాల్స్ ఎవరి కోసం వాడారన్న దాంట్లో ఉంది. ఆ ఒక్క సంగతే మనకు ఎవరూ చెప్పరు.

గంపగుత్త బేరం

ఇప్పుడు రాష్ట్రాల సంగతి. 2016లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఎమ్మెల్యేల జీతభత్యాలు పెంచుకున్నాయి. తెలంగాణలో జీతం 20,000, నియోజకవర్గ భత్యం 2,30,000, కలిపి నెలకు రెండున్నర లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో జీతం, నియోజకవర్గ భత్యం కలిపి లక్షా పాతిక వేలు. గమనించారా? జీతం చిన్నది, భత్యం కొండంత. ఎందుకలా? నియోజకవర్గ భత్యానికి 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(17) కింద పన్ను మినహాయింపు ఇచ్చారు. జీతానికైతే పన్ను కట్టాలి. మన ఉద్యోగులకు ఈ కిటుకు ఎవరైనా నేర్పారా?

కర్ణాటకలో ఇంకాస్త బాహాటం. అక్కడ 2022లో జీతాలు పెంచుకున్నప్పుడు ఫోను భత్యం అనే పేరుతోనే సభ్యుడికి నెలకు 20,000 రూపాయలున్నాయి. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రేట్లు పెంచాక కూడా 28 రోజుల పాటు దేశమంతా ఎన్ని కాల్స్ అయినా మాట్లాడుకునే రీచార్జి సుమారు 300 రూపాయలు. ఒక ఎమ్మెల్యేకు పది సిమ్ములున్నా మూడు వేలు. మిగతా పదిహేడు వేలు దేనితో మాట్లాడుతున్నారు?

ఒకప్పుడు ఎస్టీడీ బిల్లు చూస్తే గుండె ఆగేది. అందుకని భత్యం పెట్టారు. 2003 మే 1 నుంచి సెల్‌ఫోనుకు వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. తర్వాత ఎస్టీడీ రేట్లు పడిపోయాయి. ఆ తర్వాత కాల్స్‌కు మీటరే లేకుండా పోయింది. ఫోను ఖర్చు నేలకు దిగింది, ఫోను పేరుతో తీసుకునే డబ్బు మాత్రం కిందికి దిగలేదు.

ఉద్యోగ మిత్రులారా, మీరు టీఏ బిల్లు పెడితే ఏమవుతుంది? టికెట్ అంటించాలి. టూర్ డైరీ పెట్టాలి. పై అధికారి సంతకం కావాలి. ట్రెజరీలో ఎనిమిది రూపాయలు తేడా వస్తే ఆబ్జెక్షన్ రాసి వెనక్కి పంపుతారు. నేను ముప్పై ఏడేళ్లు ఆ బాధ పడ్డాను. అది తప్పని అనను, ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలి. అయితే అదే ప్రజల సొమ్ము ప్రజాప్రతినిధి చేతికి గంపగుత్తగా వెళ్లినప్పుడు టికెట్ లేదు, బిల్లు లేదు, ఆబ్జెక్షన్ లేదు. సొమ్మొకడిది, సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

తిత్లీ రాత్రి

ఇదంతా డబ్బు లెక్క. డబ్బుకన్నా పెద్ద లెక్క ఇంకొకటుంది. అది చెప్పడానికి మిమ్మల్ని 2018 అక్టోబరుకు తీసుకెళ్తాను. ఈ హాల్లో ఉన్నవాళ్లలో సగం మందికి ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది.

అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఎక్కడ చూసినా పడిన కొబ్బరి చెట్లే. నలభై ఏళ్ల జీడితోట తెల్లారేసరికి కట్టెల మోపయ్యింది. కరెంటు స్తంభాలు నేల మీద పడుకున్నాయి. కరెంటు పోయింది, డీజిలు అయిపోయింది, టవర్లు మూగబోయాయి.

నేను అప్పటికే రిటైరయ్యాను. మా బంధువులు ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊళ్లో ఉంటారు. వాళ్ల అబ్బాయి చెన్నైలో కూలి పని చేస్తాడు. వాడు నాకు ఫోను చేసి ఏడుస్తున్నాడు. “పెద్నాన్నా, అమ్మ ఫోను తగల్లేదు, ఊరు ఉందో లేదో తెలవట్లేదు, ఎమ్మెల్యే గారికి చేస్తే స్విచ్చాఫ్ అంటంది” అని. వాడికేం చెప్పను? ఉద్దానం నుంచి చెన్నై, ముంబయి, సూరత్, వేరావల్ దాకా ఎన్ని వేల మంది వలస పోయారో మీకు తెలుసు. ఆ రోజు వాళ్లందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఇక్కడ ఎత్తేవాడు లేడు.

ఇందులో ఏ ఒక్క ప్రజాప్రతినిధినీ నేను నిందించను. టవరు పడిపోతే ఎమ్మెల్యే ఫోను కూడా మన ఫోనులాంటిదే. ఆయన కూడా బురదలో తిరుగుతూ ఉండి ఉండొచ్చు. నా ప్రశ్న వేరే. ఈ తీరానికి తుపాను కొత్తదా? 1999 అక్టోబరులో వచ్చింది. 2013లో ఫైలిన్ వచ్చింది. 2014లో హుద్‌హుద్ విశాఖను చీల్చింది. ప్రతిసారీ ముందు తెగేది ఫోను లైనే. మరి ప్రజాప్రతినిధికి కమ్యూనికేషన్ సౌకర్యం పేరుతో ఇన్నేళ్లు ఇన్ని డబ్బులు ఇచ్చాం గదా, అందులో తుపాను రోజు పనిచేసే ఒక్క శాటిలైట్ ఫోను నియోజకవర్గ కార్యాలయంలో ఎందుకు ఉండకూడదు? ఒక జనరేటరు, ఒక వైర్‌లెస్ సెట్టు, దాని దగ్గర ఇద్దరు మనుషులు. ఏ ఊరు తేలింది, ఏ ఊరు మునిగింది, ఎవరు బతికున్నారు అని వలసపోయిన బిడ్డకు చెప్పే ఒక్క నంబరు. సెల్‌ఫోను ఐదారు మోడళ్లు మారింది. ఆ నంబరు మాత్రం రాలేదు.

నంబరు ఎవరి ఆస్తి?

ఇక అసలు సంగతికొస్తున్నాను. మీ ఊరి పోలీసు స్టేషన్‌కు ఫోను చేయండి. ఎస్సై గారి నంబరు ఆయనది కాదు, స్టేషన్‌ది. ఆయన బదిలీ అయినా నంబరు అక్కడే ఉంటుంది, కొత్త ఎస్సై ఎత్తుతాడు. తహసీల్దారుకు అంతే, కలెక్టరుకు అంతే. కుర్చీతోపాటు సిమ్ము. ఎందుకంటే అది ప్రభుత్వ డబ్బుతో నడిచే నంబరు.

ఎమ్మెల్యేది? ఆయన సొంత నంబరు. ఎన్నికల ముందు కరపత్రం మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు. అర్ధరాత్రయినా చేయండి అంటారు. గెలిచాక ఆ నంబరు పీఏ చేతిలోకి, పీఏ దగ్గర్నుంచి గన్‌మన్ చేతిలోకి పోతుంది. “సార్ మీటింగులో ఉన్నారు.” మరో ఏడాదికి ఆ నంబరు పనిచేయదు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. ఓడిపోయాక నంబరు ఆయనతోనే వెళ్లిపోతుంది. దాంతోపాటు మనం ఐదేళ్లు చెప్పుకున్న గోడు కూడా వెళ్లిపోతుంది. కొత్తాయనకు మళ్లీ అ ఆ ల దగ్గర్నుంచి చెప్పాలి.

ఉద్దానం మనిషికి ఇది ఎంత నష్టమో ఆలోచించండి. కిడ్నీ జబ్బుతో ఎన్నేళ్ల నుంచి ఏడుస్తున్నాం? కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం, ఏడు మండలాల్లో ఇంటింటా అదే కథ. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రానికి, 200 పడకల ఆసుపత్రికి 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగితే 2023 డిసెంబరులో ప్రారంభమయ్యింది. అంతకు ముందు ఎన్నేళ్లు ఎంతమంది ఎన్నిసార్లు తమ ప్రతినిధులకు ఫోన్లు చేసి డయాలసిస్ కోసం, మందుల కోసం, విశాఖ వెళ్లే బండి కోసం బతిమాలుకున్నారు? ఆ కాల్స్‌లో ఒక్కటైనా ఎక్కడైనా రాసి ఉందా? రాసి ఉంటే ఏ ఊళ్లో ఎప్పుడు మొదలైందో, ఎక్కడ ఎక్కువుందో ఒక రిజిస్టరే చెప్పేది. ఆ చరిత్ర అంతా ఎవరెవరి జేబు ఫోన్లలోనో చచ్చిపోయింది.

ప్రభుత్వాలు కాల్ సెంటర్లు పెట్టాయి, కాదనను. 2017లో 1100 అన్నారు. 2023లో 1902 అన్నారు. ప్రభుత్వం మారితే నంబరు మారింది, పేరు మారింది. అయినా అక్కడ కనీసం ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చేవారు. మనం ఓటేసి గెలిపించిన మనిషి దగ్గర ఆ మాత్రం కూడా లేదు. ఏ పంచాయతీ ఆఫీసులోనైనా ఇన్‌వర్డు రిజిస్టరు ఉంటుంది. కాగితం వస్తే నంబరు పడుతుంది, తేదీ పడుతుంది. లక్షలు ఖర్చయ్యే ఎమ్మెల్యే ఆఫీసులో ఫోనుకు ఇన్‌వర్డు రిజిస్టరు లేదు!

ఎదురు ప్రశ్నలు

నేను ఈ మాటలంటే కొందరు అడుగుతారు. “ప్రతివాడూ ఫోను చేస్తే ఎమ్మెల్యే పనెప్పుడు చేస్తాడు?” అని. నిజమే. రెండు లక్షల మంది ఓటర్లు ఏడాదికి ఒక్కసారి చేసినా రోజుకు 548 కాల్స్ వస్తాయి. ఒక్క మనిషి వల్ల కాదు. అందుకే భత్యం ఎమ్మెల్యే జేబుకు కాకుండా ఆఫీసుకు ఇవ్వాలంటున్నాను. ఆపరేటర్లు ఇద్దరిని పెట్టమంటున్నాను. ఈ పట్టణంలో చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలు లేరా? ఎత్తడం వాళ్ల పని, రాయడం వాళ్ల పని, జవాబు చెప్పించడం ఎమ్మెల్యే పని.

రెండో ప్రశ్న ఇంకా గట్టిది. “ఎమ్మెల్యే ఎవరితో మాట్లాడాడో అందరికీ తెలియాలంటారా?” అని. వద్దు! నేను ఆపరేటరుగా పనిచేసినవాణ్ని, లైన్లో వినిపించిన మాట బయట పెట్టకూడదన్నది మా మొదటి ధర్మం. 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లకు వ్యతిరేకంగా జనం లేస్తే కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అలాంటి రోజున ఒక మత్స్యకారుడు ఎమ్మెల్యేకు ఫోను చేసి కంపెనీ మీదో, పోలీసు మీదో చెప్పుకున్నాడనుకోండి. ఆ నంబరు బయటికొస్తే ఆయన గతేమిటి? ఎవరు చేశారన్నది గోప్యం. అందులో రాజీ లేదు. పాలకులు చాటుగా వినడం మనకు కొత్త కాదు. 1988లో ఫోన్ల ట్యాపింగ్ వివాదంలో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఫోను సంభాషణ కూడా వ్యక్తిగత గోప్యతలో భాగమేనని చెప్పి ట్యాపింగ్‌కు హద్దులు గీసింది. 2024లో తెలంగాణలో ట్యాపింగ్ కేసులో పోలీసు అధికారులే అరెస్టయ్యారు.

కనుక గీత ఇక్కడ గీద్దాం. ఎవరితో మాట్లాడారన్నది గోప్యం. ఎంత ఖర్చయిందన్నది బహిరంగం. ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎన్నిటికి జవాబు చెప్పారన్నది బహిరంగం. ఈ రెంటినీ కలిపి గందరగోళం చేసి, గోప్యత పేరు చెప్పి ఖర్చు దాచడం కుదరదు.

ఇది జరిగే పనేనా అంటారా? బ్రిటన్‌లో 2009లో ఎంపీల ఖర్చుల బాగోతం పత్రికల్లో బయటపడింది. దెబ్బకు అదే ఏడాది చట్టం చేసి, ఎంపీల చేతిలో లేని ఒక స్వతంత్ర సంస్థను పెట్టారు. ఎంపీల ఖర్చుల క్లెయిములు జనం చూసేలా ప్రచురిస్తున్నారు. అమెరికాలో ప్రతినిధుల సభ ఏ సభ్యుడి ఆఫీసు దేనికి ఎంత ఖర్చు పెట్టిందో మూడు నెలలకోసారి ప్రచురిస్తుంది. ప్రభుత్వ ఖర్చుతో ఓటర్లకు గంపగుత్తగా ఉత్తరాలు పంపడం మీద ఎన్నికల ముందు ఆంక్షలున్నాయి. అక్కడివాళ్లు దేవతలేం కాదు. అడిగేవాళ్లున్నారు కనుక చెబుతున్నారు.

పది రూపాయల ఆయుధం

మనమూ అడగొచ్చు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆ పైన పది. శాసనసభ సచివాలయం కూడా ఆ చట్టం కిందే ఉంది. విద్యార్థి మిత్రులారా, మీకొక పని అప్పగిస్తున్నాను. మూడు ప్రశ్నలు రాయండి. మా నియోజకవర్గ సభ్యుడికి ఫోను, ఇంటర్నెట్, కార్యాలయం కోసం ఏ పద్దు కింద ఎంత ఇచ్చారు? దానికి ఖర్చు వివరాలు తీసుకునే నిబంధన ఉందా? ఉంటే గత ఐదేళ్ల వివరాలేవి?

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆ చట్టంలో సెక్షన్ 8(1)(జె) అని ఉంది. వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదంటుంది. కానీ అందులో, ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉంటే ఇవ్వాలన్న మెలిక ఉండేది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంతో ఆ మెలిక తీసేశారు. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఇకమీదట ఎమ్మెల్యే ఫోను ఖర్చు అడిగితే “అది వ్యక్తిగతం” అని ముఖం మీద తలుపేసే ప్రమాదం ఉంది. భయపడకండి. సెక్షన్ 8(2) ఇంకా బతికే ఉంది. హానికన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని అది చెబుతుంది. దరఖాస్తులో ఆ సెక్షన్ పేరు రాసి, ప్రజా ప్రయోజనం ఏమిటో నాలుగు వాక్యాల్లో రాయండి. తిరస్కరిస్తే అప్పీలు వేయండి. అప్పీలు వేయనివాడి దరఖాస్తు చెత్తబుట్టకే.

రేపటి మాట

చివరిగా ఒక మాట. మన ప్రాంతం మనకు కావాలి, మన రాజధాని మన దగ్గరుండాలి అని మనం కోరుకుంటున్నాం. రాజధాని దూరమై మనం నష్టపోయామన్నది నిజం. కానీ తమ్ముళ్లూ, ఒక్కసారి ఆలోచించండి. రేపు రాజధాని యాభై కిలోమీటర్ల దూరంలోకే వచ్చిందనుకోండి. ఫోను ఎత్తని ప్రతినిధి ఉంటే ఆ యాభై కిలోమీటర్లు మళ్లీ 800 కిలోమీటర్లే. దూరం మ్యాపులో ఒక్కచోటే ఉండదు, మోగి మోగి ఆగిపోయే ఫోనులో కూడా ఉంటుంది. మనవాడే కదా అని లెక్క అడగకుండా వదిలేస్తే, వాళ్లు పోయి మనవాళ్లు వస్తారు, పద్దతి మాత్రం అదే ఉంటుంది. అందుకని అడిగే అలవాటు ఇప్పటినుంచే చేసుకుందాం.

మన కోరికలు నాలుగే. నంబరు మనిషిది కాదు, నియోజకవర్గానిది కావాలి. వచ్చిన ప్రతి ఫోనుకూ రిజిస్టరులో ఒక నంబరు, ఒక జవాబు ఉండాలి. ఫోను, ఆఫీసు ఖర్చు ఏడాదికోసారి సభ్యుడి వారీగా శాసనసభ సచివాలయం ప్రచురించాలి. తుపాను తీరంలో ప్రతి నియోజకవర్గ కార్యాలయానికీ గాలివాన రోజున పనిచేసే ఫోను ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ కోట్లు అడగడం లేదు. ఇస్తున్న డబ్బులోనే చేయమంటున్నాం.

మొదట్లో పి.పి. కాల్ సంగతి చెప్పాను. అడిగిన మనిషి లైన్లోకి రాకపోతే ఆ రోజుల్లో మేం పూర్తి చార్జీ వసూలు చేసేవాళ్లం కాదు. ఇప్పుడు మనిషి లైన్లోకి రావడం లేదు, పూర్తి చార్జీ మాత్రం మన దగ్గర వసూలవుతోంది. ఇంత అన్యాయం మా పాత ఎక్స్‌ఛేంజీలో కూడా లేదు!

ఈ రోజు ఇంటికెళ్లాక మీ ఎమ్మెల్యేకు, మీ ఎంపీకి ఒక్కొక్క ఫోను చేయండి. ఎవరెత్తారు, ఏమన్నారు, తేదీ, సమయం ఒక నోటుపుస్తకంలో రాయండి. మొదటి రిజిస్టరు మన చేతుల్లోనే మొదలవుతుంది. నెల తర్వాత మళ్లీ ఇదే హాల్లో కలుద్దాం. ఆ పుస్తకాలు పట్టుకురండి.